పెరట్లోని చిన్న గోధుమరంగు పిట్టల్ని గుర్తుపట్టడం ఎలా: ముక్కు దగ్గర మొదలుపెట్టి పేరు దాకా

"మా పెరట్లోకి పిచ్చుకలు మళ్లీ వచ్చాయి, చూడండి" అని ఫోటో పంపేవాళ్లు చాలామంది. చాలాసార్లు అందులో ఉన్నది పిచ్చుక కాదు, మునియా అనే ఇంకో చిన్న గింజల పిట్టో, గిజిగాడి పెట్టో అయి ఉంటుంది. "గోధుమరంగు, చిన్నది, గోరింట పొదలో గెంతుతోంది, ఏంటిది?" అని అడిగేవాళ్లు ఇంకా ఎక్కువ. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేకన్నా పద్ధతి మొత్తం ఒకచోట పెడితే నయమనిపించింది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటి పెరడు, మిద్దె తోట, కాలనీ పార్కు, ఊరి చివరి ఖాళీ ప్లాటు, ఇలాంటి చోట్ల కనిపించేవాటి గురించే ఇక్కడ రాస్తున్నాను. అడవి పిట్టల జోలికి పోవడం లేదు.

ముందే ఒక మాట. రంగుతో మొదలుపెట్టకండి. అన్నీ గోధుమరంగే కాబట్టే కదా ఈ తిప్పలు! ముక్కు, తోక, చేస్తున్న పని, ఆ తర్వాత ఒంటి మీద గుర్తులు, చివర్లో రంగు. కింద ఉన్నదంతా ఈ వరసలోనే ఉంటుంది.

## 1. ముందు ఏం సిద్ధం చేసుకోవాలి

బైనాక్యులర్స్ ఉంటే పని సగం తేలికవుతుంది. కొనేట్టయితే 8x42 తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని. ఎక్కువ రెట్లుంటే మంచిదేమో అని 12, 16 వాటికి పోతే చెయ్యి వణికి బొమ్మ నిలవదు, పొదలో గెంతే పిట్టని పట్టుకోవడమే కష్టమవుతుంది.

లేకపోయినా పర్వాలేదు, పిట్టలే దగ్గరికొచ్చేలా చేసుకోవచ్చు. వసారాలో వరి కంకుల కుచ్చు వేలాడదీయండి, లేదా ఒక పళ్లెంలో కొర్రలో సజ్జలో నూకలో పోసి పిట్టగోడ మీద పెట్టండి. పక్కన వెడల్పాటి మట్టి మూకుట్లో నీళ్లు. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. గింజలు తినేవి కుచ్చు దగ్గరికి, పురుగులు తినేవి నీళ్ల దగ్గరికి వస్తాయి. ఈ విభజనే తర్వాత పనికొస్తుంది.

చూడాల్సిన వేళ పొద్దున్నే, ఎండ ముదరకముందు. సూర్యుడు మీ వెనక ఉండాలి. ఎదురెండలో చూస్తే ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది.

మొదలుపెట్టే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- చిన్న నోట్‌బుక్, పెన్ను (ఫోన్‌లో రాసుకుందామని తల దించేసరికి పిట్ట ఎగిరిపోతుంది)
- సూర్యుడు వెనక ఉండేలా కూర్చునే చోటు
- కొలతగా వాడుకోవడానికి మీకు బాగా తెలిసిన పిట్టలు రెండు: పిచ్చుక, గోరింక
- ఓపిక, కనీసం ఒక టీ తాగేంత సేపు

## 2. మొదటి చూపు ముక్కు మీదే

పిట్ట ఏం తింటుందో దాని ముక్కే చెప్పేస్తుంది. పెరటి పిట్టల్ని ముక్కుని బట్టి మూడు కుప్పలు చేయొచ్చు.

పొట్టిగా, లావుగా, మొదట్లో వెడల్పుగా ఉంటే గింజలు తినేది: పిచ్చుక, గిజిగాడు, మునియాలు. 4వ మెట్టుకి వెళ్లండి.

సన్నగా, తిన్నగా, మొనదేలి ఉంటే పురుగులు తినేది: ప్రినియా, టైలర్ పిట్ట, వార్బ్లర్లు (చలికాలంలో వలస వచ్చే చిన్న పిట్టలు), నల్లంచి. 5, 7 మెట్లు చూడండి.

కిందికి వంగి ఉంటే తేనెపిట్ట. బొటనవేలంత పిట్టకి పొట్టి ముక్కుండి అది కొద్దిగా వంగినట్టుంటే ఫ్లవర్‌పెకర్. ఈ రెండూ 6వ మెట్టులో ఉన్నాయి.

ఈ ఒక్క మెట్టు సరిగ్గా వేస్తే తప్పులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. ఫోటో తీస్తున్నా ముక్కు పక్క నుంచి కనిపించేలా తీయండి. పిట్ట మీ వైపు తిన్నగా చూస్తున్న ఫోటో అందంగా ఉంటుంది కానీ గుర్తుపట్టడానికి ఎందుకూ పనికిరాదు.

## 3. రెండో చూపు తోక, నడక

తోక నిక్కబొడుచుకుని వీపు వైపు లేచి ఉందా? అయితే టైలర్ పిట్ట, ప్రినియా, నల్లంచి, ఈ మూడింట్లో ఒకటి. కిందికే ఉంచుతోందా? పైకీ కిందికీ ఊపుతోందా? పక్కలకి విదిలిస్తోందా? అన్నీ రాసుకోండి.

నేల మీద ఉంటే కాళ్లు చూడండి. పిచ్చుక, మునియా రెండు కాళ్లూ కలిపి గెంతుతాయి. ఒక కాలు తర్వాత ఒక కాలు వేస్తూ మనలా నడుస్తుంటే అది పిచ్చుక అయ్యే అవకాశం దాదాపు లేదు. పచ్చిక మీద అలా నడుస్తూ తోక ఊపేది, ఛాతీ మీద సన్న చారలున్నది పిపిట్.

## 4. లావు ముక్కు పిట్టలు

అసలు గందరగోళమంతా ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం.

పిచ్చుక మగది. బూడిదరంగు నెత్తి, గొంతు కింద నల్ల మచ్చ. దీన్ని ఎవరైనా పట్టేస్తారు. అయితే ఈకలు మార్చుకున్న కొత్తలో, అంటే వానలు వెనకబట్టిన రోజుల్లో, కొత్త ఈకల లేత అంచులు ఆ నల్ల మచ్చని చాలావరకు కప్పేస్తాయి. ముక్కు కూడా జత కట్టే కాలంలో నల్లగా, మిగతా రోజుల్లో లేత గోధుమరంగులో ఉంటుంది. మచ్చ చిన్నదైనంత మాత్రాన వేరే జాతి అనుకోవద్దు.

పిచ్చుక ఆడది, గిజిగాడి ఆడది. వీటిని విడదీయడం వస్తే సగం పరీక్ష గట్టెక్కినట్టే. రెండూ దాదాపు 15 సెంటీమీటర్లు, రెండింటికీ వీపు మీద చారలు, కంటి మీద లేత గీత. తేడా నెత్తిలో ఉంది. పిచ్చుక పెట్ట నెత్తి సాదాగా, గీతలేమీ లేకుండా ఉంటుంది. గిజిగాడి పెట్ట నెత్తి మీద కూడా ముదురు చారలుంటాయి. ఆ తర్వాత ముఖం చూడండి, గిజిగాడికి కనుబొమ్మ గీత, చెంపలు కొంచెం పసుపు వైపు తిరిగి ఉంటాయి, ముక్కు ఇంకా లావు, తోక పొట్టి. పిచ్చుకకి రెక్క మీద తెల్లటి అడ్డగీత ఉంటుంది, గిజిగాడికి అలాంటిది ప్రస్ఫుటంగా ఉండదు.

గిజిగాడి మగది వానాకాలంలో పసుపు నెత్తి, నల్లటి ముఖంతో ఉంటుంది కాబట్టి అప్పుడు చిక్కే లేదు. జత కట్టే కాలం అయిపోయాక అది కూడా పెట్టలాగే మారిపోతుంది. డిసెంబరులో గుంపంతా పెట్టలే అనిపిస్తే కారణం ఇదే.

పసుపు గొంతు పిచ్చుక. చెట్ల మీద ఉండే పిచ్చుక. వీపు మీద చారలే ఉండవు, మొత్తం సాదా బూడిద-గోధుమరంగు, రెక్క మీద రెండు తెల్ల గీతలు. ముక్కు మామూలు పిచ్చుక ముక్కు కన్నా సన్నం. మగదానికి గొంతు మీద చిన్న పసుపు మచ్చ, భుజం మీద ఇటుకరంగు పట్టీ ఉంటాయి. పసుపు మచ్చ దూరం నుంచి కనపడదు, దాని కోసం చూస్తూ కూర్చోవద్దు. "చారల్లేని పిచ్చుక, చెట్టు తొర్ర దగ్గర" అంటే చాలు.

మునియాలు. పిచ్చుక కన్నా బాగా చిన్నవి, 11 సెంటీమీటర్ల చిల్లర. వీపు మీద నల్ల చారలుండవు. గుంపుగా వచ్చి గరిక కంకుల మీద వాలి, కాడ వంగిపోతున్నా వేలాడుతూ తింటాయి. పిచ్చుక ఇంత నాజూకుగా తినదు.

ఎదిగినవాటిని విడదీయడం తేలికే:

- లేత ఇసుకరంగు ఒళ్లు, వెండి-బూడిదరంగు ముక్కు, మొనదేలిన నల్ల తోక, ఎగిరేటప్పుడు తోక మొదట్లో తెలుపు: సిల్వర్‌బిల్
- చాక్లెట్ రంగు ముఖం, పొట్టంతా చేప పొలుసుల్లాంటి గీతలు: పొలుసుల మునియా
- నల్లటి తల, తెల్ల పొట్ట మధ్యలో నలుపు, ఇటుకరంగు వీపు: మూడు రంగుల మునియా
- ముదురు గోధుమరంగు, నల్లటి ముఖం, తోక మొదట్లో తెల్ల పట్టీ: తెల్ల నడుము మునియా. ఇది తూర్పు కనుమల వైపు, చెట్లు ఎక్కువున్న చోట్ల వస్తుంది

కష్టమల్లా పిల్లలతోనే. పొలుసుల మునియా పిల్లకి పొలుసులుండవు, మూడు రంగుల మునియా పిల్లకి మూడు రంగులుండవు. రెండూ సాదా గోధుమరంగు ముద్దలు. ముక్కు ముదురుగా ఉంటే పొలుసుల మునియా పిల్ల వైపు, నీలి-బూడిదరంగులో ఉంటే మూడు రంగుల మునియా పిల్ల వైపు మొగ్గొచ్చు. పక్కన మేపుతున్న తల్లిదండ్రులు కనిపిస్తే ఇంకా నయం. గుంపులో ఎవరున్నారో చూసి మాత్రం తేల్చేయకండి, మునియాలు కలగలిసి తిరుగుతాయి.

గూడు చూసి పేరు పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక: గిజిగాళ్లు వదిలేసిన పాత గూళ్లలో సిల్వర్‌బిల్ కాపురం పెడుతుంది. గిజిగాడి గూట్లోంచి బయటికొచ్చిందల్లా గిజిగాడు కాదు.

ఇంకో విషయం. మార్చి 20న పిచ్చుకల దినోత్సవం పేరుతో తిరిగే ఫొటోలు చూశారా? వాటిలో చాలావాటికి నెత్తి ముదురు గోధుమరంగులో, తెల్ల చెంప మీద నల్లచుక్క ఉంటుంది. అది చెట్టు పిచ్చుక, వేరే జాతి. మన దగ్గర విశాఖ మన్యం వైపు కొండల్లో ఉంది తప్ప హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ వంటింటి కిటికీలో కనిపించేది అది కాదు.

## 5. సన్న ముక్కు, పొదల్లో తిరిగేవి

టైలర్ పిట్ట. నెత్తి మీద ఇటుకరంగు టోపీ, ఆకుపచ్చ-పసుపు కలిసిన వీపు, తెల్లటి పొట్ట, పొడుగు ముక్కు, నిక్కిన తోక. నీడలో ఆ ఆకుపచ్చ గోధుమరంగులా కనిపిస్తుంది కాబట్టే ఇది "గోధుమరంగు పిట్టల" లెక్కలోకి వస్తోంది. ఒంటికి మించిన గొంతు దీనిది, "టువిట్ టువిట్ టువిట్" అని ఆగకుండా అరుస్తుంది. అరిచేటప్పుడు మెడ పక్కన నల్లటి చర్మం తొంగి చూస్తుంది.

బూడిద ప్రినియా. ఇదీ అంతే సైజు, 13 సెంటీమీటర్లు, ఇదీ తోక నిక్కిస్తుంది, ఇదీ అదే పొదలో ఉంటుంది. కానీ తల, వీపు బూడిదరంగు, పొట్ట లేత తుప్పురంగు, కన్ను ఎర్రగా ఉంటుంది. పొద నుంచి పొదకి ఎగిరేటప్పుడు కరెంటు నిప్పురవ్వ చిటపటలాడినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటే ఇంక వెతుక్కోనక్కర్లేదు.

సాదా ప్రినియా. వీపు గోధుమరంగు, పొట్ట మాసిన తెలుపు, కంటి మీద లేత గీత, బాగా పొడుగు తోక. పెరట్లోకన్నా ఖాళీ ప్లాట్లలో, రెల్లుగడ్డిలో, వరి గట్ల మీద ఎక్కువ. పాట పురుగు రొద లాగా ఉంటుంది.

టైలర్ పిట్టకీ ప్రినియాకీ తేడా తేలకపోతే తోకని కింద నుంచి చూడండి. ప్రినియా తోక ఈకల చివర నల్లచుక్క, దాని అంచున తెలుపు వరసగా కనిపిస్తాయి. టైలర్ పిట్టకి ఆ వరస ఉండదు. టైలర్ పిట్ట పిల్లకి ఇటుక టోపీ కూడా సరిగ్గా ఏర్పడదు కాబట్టి ఈ తోక గుర్తు అప్పుడు బాగా పనికొస్తుంది.

ఆకులు కుట్టి ఉంటే టైలర్ పిట్ట గూడే అని చాలామంది నమ్మకం. బూడిద ప్రినియా కూడా ఆకులు కుట్టి గూడు కడుతుంది. కాబట్టి గూడు చూసి తీర్పు ఇవ్వకండి, లోపలికి వెళ్లే పిట్టని దూరం నుంచి చూడండి. ఆకు విప్పి లోపల ఏముందో చూడాలని మాత్రం అస్సలు అనుకోవద్దు, తల్లి గూడు వదిలేయొచ్చు.

చలికాలం అతిథులు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇంకో రెండు వచ్చి చేరతాయి, అప్పుడు టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

బ్లిత్స్ రీడ్ వార్బ్లర్: ఒంటి మీద చెప్పుకోదగ్గ గుర్తే లేదు. సాదా గోధుమరంగు వీపు, మాసిన తెల్ల పొట్ట, తోక నిక్కించదు. పొద లోపల్లోపలే తిరుగుతూ "చెక్... చెక్..." అని నాలుక టకటకలాడించినట్టు అంటుంది. గోరింట కంచెలో కనపడకుండా "చెక్" అంటున్నది ఉంటే చాలావరకు ఇదే.

గ్రీనిష్ వార్బ్లర్: వేప, మామిడి కొమ్మల్లో పైపైన ఉంటుంది. కంటి మీద లేత పసుపు గీత, రెక్క మీద సన్నటి ఒకే అడ్డగీత. ఆ గీత వసంతానికి అరిగిపోయి కనిపించకపోవచ్చు. దీని పిలుపు "చిస్వీ" అని రెండు ముక్కలుగా వినిపిస్తుంది.

మే నెలలో "బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ చూశాను" అనిపిస్తే ఇంకోసారి చూడండి. అప్పటికి అవి చాలావరకు ఉత్తరానికి వెళ్లిపోతాయి.

## 6. వంగిన ముక్కులు

ఇక్కడ పెద్ద గొడవ లేదు. మగ తేనెపిట్టలు మెరుస్తాయి, పెట్టలే వెలిసిపోయినట్టుంటాయి. గొంతు తెల్లగా ఉండి ఛాతీ పసుపైతే పర్పుల్ రంప్‌డ్ తేనెపిట్ట పెట్ట. గొంతు నుంచే పసుపు మొదలై కిందిదాకా ఉంటే పర్పుల్ తేనెపిట్ట పెట్ట. పసుపు ఛాతీ మధ్యలో నిలువుగా నల్ల గీత ఉంటే అది పెట్ట కాదు, జత కట్టే కాలం దాటిన పర్పుల్ మగది.

ఫ్లవర్‌పెకర్ ఇంకా చిన్నది, 8 సెంటీమీటర్లు. లేత రంగు పొట్టి ముక్కుతో బదనిక పళ్ల కోసం, సింగపూర్ చెర్రీల కోసం "చిక్ చిక్" అంటూ తిరుగుతుంది. దాదాపు అదే సైజులో ముక్కు లావుగా ఉండి, ఛాతీ మీద మసక చారలుండి, తోకని పక్కలకి విదిలిస్తుంటే లావు ముక్కు ఫ్లవర్‌పెకర్.

## 7. నేల మీద, రాళ్ల మీద ఉండే గోధుమరంగు పెట్ట

నల్లంచి మగది నల్లగా, రెక్క మీద తెల్ల మచ్చతో ఉంటుంది. పెట్ట అంతా గోధుమరంగే. తోక పైకెత్తినప్పుడు కింద ఇటుకరంగు కనిపిస్తే నల్లంచి పెట్ట, ఇంకో ఆలోచన అక్కర్లేదు. దీంతో పొరబడేది పైడ్ బుష్‌చాట్ పెట్ట. అది తోక నిక్కించదు, కంచె కర్ర మీదో కరెంటు తీగ మీదో కూర్చుని కిందికి దూకి పురుగు పట్టుకుని మళ్లీ పైకెళ్తుంది, ఇటుకరంగు దానికి తోక పైన, మొదట్లో ఉంటుంది. రంగు తోక కిందా, పైనా అన్నది చూస్తే చాలు.

## 8. చెవినీ యాప్‌నీ ఎంతవరకు నమ్మాలి

కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం, మన పిట్టల కూతల్నీ గుర్తిస్తుంది. భారతదేశం ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అయితే స్క్రీన్ మీద ఒక్కసారి మెరిసి పోయిన పేరుని లిస్టులో రాసుకోకండి. యాప్ చెప్పింది సూచన మాత్రమే. ఆ పిట్ట ముక్కు, తోక మీరు చూసి సరిపోల్చుకుంటేనే అది పేరు.

ఇంకొకటి, పిట్టని రప్పించడానికి దాని కూతనే ఫోన్‌లో మళ్లీ మళ్లీ వేయకండి. ఇంకో మగది తన చోటుకి వచ్చిందనుకుని అది తిండి మానేసి కొట్లాటకి వస్తుంది. గూళ్ల కాలంలో అయితే అసలే వద్దు.

## 9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

సైజు తప్పు పడటం. ఒంటరిగా ఉన్న పిట్ట సైజు ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పక్కన ఒక ఆకో, ఇటుకో, తెలిసిన పిట్టో ఉన్నప్పుడు పోల్చుకోండి.

చలికి ఉబ్బిన పిట్ట. పొద్దున్న చలిలో ఈకలు ఉబ్బించుకుని గుండ్రంగా కూర్చుంటాయి, లావుగా పొట్టి తోకతో ఉన్నట్టు కనిపిస్తాయి. ఎండెక్కాక మళ్లీ చూడండి.

తడిసినవి, దుమ్ములో పొర్లినవి. చారలు మాయమవుతాయి, లేనివి పుట్టుకొస్తాయి. ముక్కు మాత్రం మారదు.

తోక లేని పిట్ట. ఈకలు మార్చుకునే రోజుల్లో తోక సగమే ఉండొచ్చు. పొట్టి తోక ఒక్కటే చూసి కొత్త జాతి ప్రకటించకండి.

అరుదైనదే అయ్యుంటుందనే ఆశ. పుస్తకంలోనో యాప్‌లోనో అన్నింటికన్నా అపురూపమైన బొమ్మ మీదికే మనసు పోతుంది. ముందు మీ వీధిలో రోజూ ఉండేవాటిలో ఏదైనా కాదా అని తేల్చుకోండి.

## 10. చూసిన వెంటనే రాసుకోవాల్సినవి

పుస్తకం తెరిచే ముందు, యాప్ తెరిచే ముందు ఇవి రాయండి. బొమ్మ చూశాక రాస్తే చూడనివి కూడా చూసినట్టే అనిపిస్తాయి.

- ముక్కు: లావా, సన్నమా, వంపా? రంగేంటి?
- తోక: పొడుగా, పొట్టా? నిక్కిందా? ఎలా ఊపుతోంది?
- ఎక్కడ: నేల, పొద, చెట్టు పైన, గడ్డి కంకి?
- ఏం చేస్తోంది, ఒంటరా గుంపా?
- నెత్తి మీద చారలు: ఉన్నాయా, లేవా?
- వీపు మీద చారలు: ఉన్నాయా, లేవా?
- రెక్క మీద గీతలు: ఎన్ని?
- ఎగిరినప్పుడు తోక మొదట్లో తెలుపు కనిపించిందా?
- కూత: తెలుగులో మీకెలా వినిపిస్తే అలా రాయండి
- తేదీ, వేళ, వెలుగు ఎటు నుంచి

ఇన్నీ రాసుకున్నా పేరు తేలకపోతే "మునియా, జాతి తెలియదు" అనో "ప్రినియా, జాతి తెలియదు" అనో రాసి వదిలేయండి. ఈబర్డ్‌లో (చూసిన పిట్టల్ని ఎవరైనా నమోదు చేసే వెబ్‌సైటు) అలా నమోదు చేయడానికి విడిగా ఎంట్రీలు కూడా ఉన్నాయి, అదేం నామోషీ కాదు. ఊహించి తప్పు పేరు ఎక్కిస్తే మాత్రం దాన్ని సరిచేయడానికి ఇంకొకరు కూర్చోవాలి.

సాధన చేయాలనుకుంటే ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ మంచి అదను. నాలుగు రోజులుంటుంది, కనీసం పదిహేను నిమిషాలు మీ పెరట్లోనే నిలబడి లెక్కపెట్టి ఎక్కిస్తే చాలు. వార్బ్లర్లు అప్పటికింకా వెళ్లవు, కాబట్టి 5వ మెట్టుని మీ సొంత గోరింట పొద మీదే సరిచూసుకోవచ్చు.